మత్తులోనున్న ప్రయాణికుడు - పడవ సరంగు బాధ్యత

తెల్లవారుజాము. అమెరికాలోని ఫ్లోరిడా తీరమున ఒక చిన్న రేవు. ముప్పది అడుగుల పొడవుగల మరపడవ యొకటి సముద్రముపైకి పోవుటకు సిద్ధముగా నున్నది. పెట్టెలలో మంచుగడ్డలు నింపినారు. గాలపు కర్రలు వరుసగా నిలబెట్టినారు. ఎరచేపలు కోసి యుంచినారు. ఆనాటి వేటకై పడవను బాడుగకు తీసికొన్న ఆరుగురు మిత్రులు రేవు పలకలపై నడచి వచ్చుచున్నారు. ఐదుగురి నడక సరిగనే యున్నది. ఆరవవాడు రాత్రి త్రాగినది దిగకముందే తెల్లవారి మరల మొదలుపెట్టినాడు. అతని అడుగు తడబడుచున్నది. మిత్రులు చూచి నవ్వుచున్నారు. సరంగు మాత్రము నవ్వుట లేదు. అతడేమి చేయవలెను?

ఇది ఊహించి చెప్పిన సన్నివేశమే. అయినను బాడుగ వేట పడవలు నడుపు ప్రతి రేవునను ఈ ప్రశ్న సరంగుల కెదురగుచునే యుండును. ఒక మనిషి త్రాగుడు అతని సొంత విషయమని నేలపై మనము ఊరకుండవచ్చును. కాని తీరము కనుమరుగైన తరువాత పడవలో నెవ్వరికిని సొంత విషయమనునది మిగులదు. ఒకడు నీట బడినచో తక్కిన అందరి ప్రాణములును వానిని వెదకుటకు పణముగా పెట్టవలసివచ్చును.

ముందుగా ఈ పడవల సంగతి తెలిసికొందము. వలవేసి చేపలు పట్టి అమ్ముకొను పడవలు వేరు, ఇవి వేరు. ఇందు చేపలు పట్టువాడు ప్రయాణికుడే. పూటకో, దినమునకో బాడుగ యిచ్చి పడవను, సరంగును, గాలములను, ఎరను కుదుర్చుకొని, సరదాకై వేటాడుటకు పోవును. అమెరికాలో ఇట్టి చిన్న పడవను నడుపువాడు కోస్టు గార్డువారి అనుమతి పత్రము పొందియుండవలెను. దానికి కనీసము 360 దినములు నీటిపై పనిచేసిన అనుభవము చూపవలెను. ఈ తరగతి పడవలో బాడుగ ప్రయాణికులు ఆరుగురికి మించరాదు. అంతకుమించి ఎక్కించవలెనన్నచో పడవను ప్రభుత్వమువారు తనిఖీచేసి వేరుగా ధ్రువపత్రము నీయవలెను. చిన్న పడవలో సాధారణముగా సరంగొకడు, సాయమునకు కళాసీ యొకడు, అంతే. ఆరుగురు మనుష్యులను అదుపులో నుంచుటకు వారిద్దరే దిక్కు.

ఇందు ఇంకొక చిక్కు కలదు. సరంగు బ్రతుకుతెరువు ఆ బాడుగపైననే ఆధారపడియుండును. కళాసీకి జీతముకంటె ప్రయాణికు లిచ్చు బక్షీసే ముఖ్యము. గాలి, వాన అనుకూలించిన దినములు ఏడాదిలో కొన్నియే. ఒక దినపు బాడుగను వదలుకొనుట యనగా ఆయిలు ఖర్చు, ఎర ఖర్చు, మంచు ఖర్చు చేతినుండి పెట్టుకొనుటయే. తనకు అన్నము పెట్టు మనిషినే తాను 'వద్దు' అని నిలుపవలసివచ్చుట: ఇదియే ఈ వృత్తిలోని కఠినమైన ఘట్టము.

నేలపైకంటె నీటిపై మద్యము ఎందు కెక్కువ ప్రమాదకరమో గ్రహించిననే సరంగు పట్టుదల మనకు అర్థమగును. మన చెవి లోపల దేహపు సమతూకమును కనిపెట్టు సున్నితమైన అవయవ మున్నది. మద్యము దాని పనిని చెడగొట్టును. నేలపై నిలుకడగానున్న గచ్చుమీద కొంచెము తూలినవాడు గోడను పట్టుకొని నిలువవచ్చును. పడవలో గచ్చే కదలుచుండును. అంచు మోకాలి ఎత్తునకో, నడుము ఎత్తునకో మించదు. దీనికి తోడు ఎండ, గాలి, ఇంజను రొద, ఎడతెగని కుదుపు మనిషిని అలయజేయును. ఏమియు త్రాగనివాడు సైతము కొన్ని గంటలకు మందగించును. ఆ అలసటపై మద్యము చేరినచో, ఇంటిలో రెండు గ్లాసులు చేయు పనిని అచ్చట ఒక గ్లాసే చేయగలదు. సముద్రపు వికారము రాకుండ మ్రింగు మాత్రలలో పెక్కు నిద్రమత్తును కలిగించును. వానితో మద్యము కలిసినచో మత్తు మరింత పెరుగును.

త్రాగినచో ఒంటికి వెచ్చదనము వచ్చునని పలువురు నమ్ముదురు. ఇది పొరపాటు. మద్యము చర్మములోని రక్తనాళములను వెడల్పు చేయుటచే వెచ్చగా తోచును గాని, నిజమునకు దేహములోని వేడి త్వరగా బయటికి పోవును. అట్టివాడు చల్లని నీటిలో పడినచో త్వరగా చల్లబడును. చన్నీటిలో పడిన మొదటి నిమిషమున ఎంతటివానికైనను ఊపిరి ఎగబ్రాకును. తలవనితలంపుగా గాలికి బదులు నీటిని మ్రింగుట జరుగును. ఆ నిమిషములో తెలివి తప్పక నిలువగలవాడు బ్రతుకును. మత్తులోనున్నవానికి లేనిది ఆ తెలివియే. అమెరికాలో విహార పడవల ప్రాణాంతక ప్రమాదములకు తెలిసిన కారణములలో మద్యమే మొదటిదని అక్కడి కోస్టు గార్డు వారి వార్షిక నివేదికలు అనేక సంవత్సరములుగా చెప్పుచున్నవి.

వేట పడవలో ఇంకను కొన్ని అపాయములు కలవు. వాడియైన గాలములు, ఎర కోయు కత్తులు, పెద్ద చేపను పైకి లాగు ఇనుప కొక్కెపు కర్రలు చేతి కందుబాటులో నుండును. పెద్ద చేప తగిలినపుడు దారము బిగిసి కత్తివలె కోయును. ముక్కు పొడవుగా నుండు మార్లిన్ జాతి చేప పడవ ప్రక్కకు వచ్చి ఎగిరిపడినచో మెలకువగానున్నవానికే తప్పించుకొనుట కష్టము. తూలువాని చేతిలోని గాలము వానికంటె ప్రక్కవాని కంటికే ముందు తగులును.

ఇక చట్టపు మాట. అమెరికాలో సొంత విహార పడవను నడుపువాని రక్తములో మద్యము 0.08 శాతమైనచో నేరము. బాడుగ పడవ సరంగునకును, కళాసీకిని ఆ హద్దు 0.04 శాతమే. ప్రభుత్వ తనిఖీకి లోబడిన పడవలలో విధికి ముందు 4 గంటలలోపల వారు మద్యము ముట్టరాదు. వారికి ముందు చెప్పకుండ మాదకద్రవ్య పరీక్షలు జరుగుచుండును. ఘోరమైన ప్రమాదము జరిగినచో, దానితో సంబంధమున్న సిబ్బందికి 2 గంటలలో మద్యపు పరీక్ష చేయవలెను. 32 గంటలలో మాదకద్రవ్య పరీక్షకై నమూనా తీయవలెను. త్రాగి పడినవాడు ప్రయాణికుడు. పరీక్షకు నిలబడువాడు సరంగు. తన పడవపై ధర్మసమ్మతముగ నున్న ప్రతివానిపట్లను తగిన జాగ్రత్త వహించుట నౌకాధిపతి బాధ్యతయని అమెరికా సుప్రీంకోర్టు 1959లో ఒక వ్యాజ్యమున స్పష్టముగా చెప్పినది. ప్రయాణికుడు తనంతట తానే త్రాగినాడను సమాధానము సరంగు బాధ్యతను పూర్తిగ తొలగింపదు.

మాదకద్రవ్యముల విషయమున చిక్కు ఇంకను పెద్దది. ఇందు పడవకే ముప్పు వచ్చును. 1974లో అమెరికా సుప్రీంకోర్టు తీర్చిన కలేరో-టొలెడో వ్యాజ్యమును చూడుడు. ఒక కంపెనీ తన విహార నౌకను ప్యూర్టోరికోలో కొందరికి అద్దెకిచ్చినది. ఆ నౌకలో గంజాయి దొరకినది. తన కేమియు తెలియదని కంపెనీ మొరపెట్టుకొన్నను నౌకను ప్రభుత్వము స్వాధీనపరచుకొనుట చెల్లునని కోర్టు తీర్పు చెప్పినది. 1988లో ఎంత స్వల్పమైనను సహింపరాదను విధానమును అమెరికా ప్రభుత్వము అమలు జరిపినది. 1986లో టైటానిక్ నౌక శిథిలములను పరిశోధించిన అట్లాంటిస్ 2 అను పరిశోధన నౌకను సైతము, అత్యల్పమైన గంజాయి దొరకినదని ఆ 1988లోనే సాన్ డియేగో రేవున పట్టుకొనిరి. తరువాత విడిచిపెట్టిరి. ఇట్టి వానిపై వచ్చిన విమర్శల ఫలితముగా 2000లో చట్టమును సవరించి, ఎరుగక నష్టపోవు యజమానికి రక్షణ కల్పించిరి. అయినను తెలిసి ఊరకున్నవానికి ఆ రక్షణ లేదు. పెక్కు రాష్ట్రములు గంజాయిని అనుమతించినను కేంద్ర చట్టము దానిని నిషేధించుచునే యున్నది. సముద్రముపై కోస్టు గార్డు వారు అమలు జరుపునది కేంద్ర చట్టమునే. ఒడ్డుపై దుకాణములో కొన్న పొట్లమే పడవ ఎక్కగానే నేరమగునని ప్రయాణికులలో అనేకు లెరుగరు.

కావున అనుభవజ్ఞులైన సరంగులు ఈ సమస్యను మూడు చోట్ల అడ్డగింతురు. మొదటిది బేరము కుదుర్చుకొనునపుడు, రెండవది రేవులో, మూడవది సముద్రముపై. మొదటి చోట ఒక మాటతో పోవునది మూడవ చోట ప్రాణముమీదికి వచ్చును.

బేరమునాడే షరతులు వ్రాతమూలకముగా తెలుపవలెను. మత్తులో వచ్చినవానిని ఎక్కించుకొనము. మాదకద్రవ్యములు బయటపడినచో వేట ఆగిపోవును, పడవ తిరిగి రేవునకు వచ్చును, అధికారులకు తెలియజేయుదుము, బాడుగ సొమ్ము తిరిగి యీయము: ఈ నాలుగు మాటలు బయానా పుచ్చుకొనకముందే చెప్పుట మేలు. కొందరు సరంగులు బీరును మితముగా తెచ్చుకొననిత్తురు. విస్కీవంటి ఘాటైన మద్యమును రానీయరు. కొందరు తిరుగు ప్రయాణము వరకు సీసా మూత తీయనీయరు. ఎవరి పద్ధతి ఎట్లున్నను, అది అందరికిని ఒకటిగా నుండవలెను. బక్షీసు ఎక్కువ యిచ్చువానికొకటి, తక్కువ యిచ్చువానికొకటిగా నున్న నియమము నియమము కాదు.

రెండవ చోటు రేవు. పడవ ఎక్కకముందే ప్రతివానిని పలుకరించుట సరంగునకు మర్యాద మాత్రమే కాదు, పరీక్షయు నగును. మాట ముద్దగా వచ్చుచున్నదా, కన్ను నిలుచుచున్నదా, ఒక మెట్టు దిగుటకు ఎన్నిసారులు చూచుకొనుచున్నాడు? ఈ నాలుగు క్షణములలో తెలిసిపోవును. మన కథలోని ఆరవవాని సంగతి చూతము. ఆరోగ్యవంతుని దేహము గంటకు సుమారు ఒక కొలత మద్యమును, అనగా చిన్న సీసా బీరును, దహించుకొనగలదు. రాత్రి 10 గంటలకు మొదలుపెట్టి 12 కొలతలు త్రాగినవానికి ఉదయము 6 గంటలకు ఇంకను 4 కొలతలు మిగిలియే యుండును. కాఫీ త్రాగించుట, తలపై చన్నీరు పోయుట నిద్రను పోగొట్టునేమో గాని మత్తును దింపజాలవు. మత్తును దింపునది కాలమొక్కటియే.

అట్టివానితో సరంగు ఎట్లు మాటాడవలెను? నలుగురి యెదుట నిలబెట్టి 'నీవు త్రాగియున్నావు' అనినచో వాదము మొదలగును. త్రాగినవాడు తాను త్రాగలేదని నిరూపింపజూచును. మిత్రులు వానిపక్షము వహింతురు. అందుచే నేర్పరియైన సరంగు మొదట ఆ జట్టులో మెలకువగానున్న పెద్దను ప్రక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పును: "అయ్యా, మీ స్నేహితుని నేడు తీసికొని పోజాలను. బయట అలలు ఎక్కువగా నున్నవి. ఆయనను బసలో పడుకొనబెట్టి రండు, మనము అరగంట ఆగి బయలుదేరుదము. కాదన్నచో మరియొక దినమునకు మార్చుకొందము." ఇందు తిట్టు లేదు, ఉపన్యాసము లేదు. నిర్ణయము మాత్రము మారదు. మిత్రునకు చేయదగిన పని యొకటి చూపుటచే అతడును సరంగు పక్షమునకు వచ్చును. ఆ తూలువాడు తానే కారు నడుపుకొని పోకుండ చూచుటయు మరువరాదు. నీటిలో పోవలసిన ప్రాణమును రోడ్డుపై పోగొట్టినచో చేసిన మేలేమున్నది?

మూడవ చోటు సముద్రము. ఒడ్డున మెలకువగానున్నవాడే, తెచ్చుకొన్న సీసాతోనో, జేబులోని పొట్లముతోనో, నడిసముద్రమున మత్తెక్కవచ్చును. అపుడు మొదటి పని గాలములన్నియు పైకి లాగి వేటను ఆపుట. కత్తులు, కొక్కెములు మూతబెట్టి తాళము వేయుట. ఆ మనిషిని పడవ నడుమ, నీడన కూర్చుండబెట్టి లైఫ్ జాకెట్టు తొడిగించుట. మత్తులోనున్నవాడు మూత్రవిసర్జనకై పడవ అంచువద్ద నిలువబడుట పెక్కు ప్రమాదములకు మూలము. ఆ పనికి వానితో ఒకరు తోడుపోవలెను. వానిని క్రింది గదిలో ఒంటరిగా పడవేసి తలుపు మూయుట కూడదు. స్పృహ తగ్గి వాంతి చేసికొనువాడు వెల్లకిల నున్నచో ఊపిరాడక చనిపోవును. ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, ఎవరైన కనిపెట్టియుండవలెను.

సరంగు ఒక పొరపాటునకు లోనుగాకుండవలెను. తూలు ప్రతివాడు త్రాగినవాడు కాడు. మధుమేహరోగికి రక్తములో చక్కెర తగ్గినను, వడదెబ్బ తగిలినను, తలకు దెబ్బ తగిలినను మాట తడబడును, నడక తూలును. కనుక త్రాగెనా యని మాత్రమేగాక, ఏ మందులు వాడుచున్నాడో, ఎప్పుడు తినెనో మిత్రుల నడిగి తెలిసికొనవలెను. నల్లమందు జాతి మాదకద్రవ్యములు అధికమైనచో ఊపిరి మందగించును, కంటిపాపలు సూదిమొనవలె చిన్నవగును. దానికి విరుగుడైన నలోక్సోన్ ముక్కు పిచికారీని వైద్యుని చీటీ లేకుండ అమ్ముటకు అమెరికాలో 2023లో అనుమతించిరి. దానిని మందులపెట్టెలో నుంచుకొనుట తెలివైన పని. కొకేయిన్ వంటివి సేవించినవాడు ఉద్రేకముతో నుండును, దేహము కాగిపోవును. అట్టివానితో పెనుగులాడరాదు. తగ్గుస్వరముతో ఒక్కరే మాటాడుచు, చల్లదనము కలిగించుచు, పడవను ఒడ్డునకు త్రిప్పవలెను.

ఇంత చేసినను మనిషి నీట పడినచో? చూచినవాడు పెద్దగా కేకవేసి, చేయి చాచి వానివైపు చూపుచునే యుండవలెను; ఒక్క క్షణము చూపు మరల్చినను అలల నడుమ తల కనబడకుండ పోవును. తేలుడు చక్రమును వెంటనే విసరవలెను. సరంగు మనిషి పడిన వైపునకే చుక్కానిని త్రిప్పవలెను. దానివలన ఇంజను ప్రొపెల్లరున్న వెనుకభాగము వానికి దూరమగును. దగ్గరకు చేరగానే ప్రొపెల్లరును ఆపవలెను. మిత్రులలో నెవ్వరును ఆవేశముతో దూకరాదు. ఒకనికి బదులు ఇద్దరిని వెదుకవలసివచ్చును.

అట్టి సమయమున రేడియోయే ప్రాణాధారము. రేడియోను వినోదమునకు, వార్తలకు వాడుకొను మనకు ఈ సంగతి ఆసక్తి కలిగింపగలదు. నౌకలలో మాటాడు రేడియోకు 16వ చానలు, అనగా 156.8 మెగాహెర్ట్జ్, ఆపద పిలుపులకై ప్రత్యేకింపబడినది. ప్రాణాపాయమున్నచో "మేడే" అను మాటను మూడుసారులు పలికి, పడవ పేరు, ఉన్న చోటు, వచ్చిన ఆపద, పడవలోని మనుష్యుల సంఖ్య చెప్పవలెను. 'నాకు సాయము చేయుడు' అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి పుట్టిన ఈ పిలుపును 1927 నాటి వాషింగ్టన్ అంతర్జాతీయ రేడియో ఒడంబడికలో అంగీకరించిరి. ఆపద అంత దగ్గరగా లేక, సాయము మాత్రము త్వరలో కావలసినచో "పాన్-పాన్" అని పిలువవలెను. ప్రయాణికుడు అదుపు తప్పుచున్నాడనియో, స్పృహ తగ్గుచున్నదనియో తోచినపుడు ఈ రెండవ పిలుపు చాలును. రేవునకు పోలీసులను, అంబులెన్సును రప్పించుటకు, వైద్యుని సలహా నందుకొనుటకు దానివలన వీలగును. మొగమాటపడి పిలుపును ఆలస్యము చేయుటకంటె, ముందుగా పిలిచి తరువాత 'అవసరము తీరినది' అని చెప్పుట మేలు.

మత్తుని బలవంతముగా పట్టి బంధించుట చివరి సాధనము. పడవ భద్రతకై అవసరమైనంత మేరకు నిగ్రహించు అధికారము సరంగునకు కలదు. కోపము తీర్చుకొను అధికారము లేదు. జరిగినదంతయు, వేళలతో సహా, ఆ దినమే పుస్తకములో వ్రాసియుంచవలెను. ఆరు నెలల తరువాత న్యాయస్థానమున నిలువబడినపుడు ఆ వ్రాతయే సరంగు తరపున మాటాడును.

టెక్సాసులోను, ఫ్లోరిడాలోను స్థిరపడిన మన తెలుగువారు సెలవు దినములలో బంధుమిత్రులతో ఇట్టి పడవ లెక్కవచ్చును. ఇచ్చటినుండి వారిని చూడబోయిన పెద్దలును వారితో కూడ పోవచ్చును. అట్టివారు గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి యున్నది. సరంగు 'వద్దు' అన్నపుడు అతనితో బేరమాడరాదు. "ఏమియు కాదు లెండి, మేము చూచుకొందుము" అను మాటను మన జట్టులో నెవ్వరైన అనినచో, చూచుకొనవలసినవాడు ఎవ్వడో, ఎట్లు చూచుకొనునో ఒక్కసారి ఆలోచింపవలెను. ఈత రానివాడు, అలల నెరుగనివాడు, పడవను నడుపలేనివాడు నడిసముద్రమున దేనిని చూచుకొనగలడు?

మన కథలోని పడవ అరగంట ఆలస్యముగా ఐదుగురితో బయలుదేరినదనుకొందము. ఆరవవాడు బసలో నిద్రించుచున్నాడు. మధ్యాహ్నమునకు లేచి, తలనొప్పితో, సరంగుపై కోపముతో, తన సొమ్ము పోయెనని విసుగుకొనును. కొనుగాక. సాయంకాలము మిత్రులు తెచ్చిన చేపను అతడును వారితో కూర్చుండి తినగలడు. సరంగు సంపాదించి పెట్టినది అదియే.